తార్నాకాలో బావి మెట్లు దిగితే...

మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, పిల్లలు బడి నుంచి వచ్చేలోగా ఓ గంట నవల చేతిలోకి తీసుకుంటారు కదూ? ఆ గంటలో రెండొందల ఏళ్లు వెనక్కి వెళ్లిపోతే!

డయానా గాబల్డన్ 1991లో వెలువరించిన 'అవుట్‌లాండర్' అనే ఇంగ్లీషు నవలలో జరిగేది అదే. యుద్ధంలో నర్సుగా పనిచేసిన క్లేర్ 1945లో భర్తతో కలిసి స్కాట్లండు వస్తుంది. ఓ కొండమీది నిలువురాయిని ముట్టుకోగానే 1743లోకి వెళ్లిపడుతుంది. అక్కడ జేమీతో పెళ్లి జరుగుతుంది. ఇక్కడో భర్త, అక్కడో భర్త! పైగా మొదటి భర్త ముఖమే ఉన్న ఆయన పూర్వీకుడు అక్కడ పరమ క్రూరుడు. క్లేర్‌ని తిరిగి రమ్మనాలో, ఉండిపొమ్మనాలో మనకే తేలదు. అన్నట్టు, అదే 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు 'ఆదిత్య 369'లో మనల్ని రాయలవారి కాలానికి తీసుకెళ్లారు.

క్లేర్‌ని అక్కడ కాపాడింది అందచందాలు కావు, గాయానికి కట్టు కట్టే విద్య. నాకు బాగా నచ్చింది అదే.

మరి అలాంటి కథ మన దగ్గర రాయాలంటే? తార్నాకాలో బస్సు దిగండి చాలు. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. ఒకప్పుడు తీగ కంచె, కాపలా ఉన్న చోటు కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది, ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో తెరిచారు. అంతకు ముందెప్పుడో ఈ అడిక్‌మెట్ నేల ఓ స్త్రీ జాగీరు. ఆమె మహ్ లఖా బాయి చందా. ఆమె పేరుతో చెప్పుకునే మెట్లబావి కూడా ఈ ప్రాంగణాల్లో ఉంది.

1768లో పుట్టిన చందా నాట్యగత్తె, ఉర్దూ కవయిత్రి. మగవేషం వేసుకుని రెండో నిజాం వెంట వేటకీ, యుద్ధానికీ వెళ్లింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. మన కథకి కావలసిన రహస్యం కూడా ఆమె దగ్గరే ఉంది. 1799 అక్టోబరు 1న, నాట్యం మధ్యలో, తన గజళ్ల పుస్తకాన్ని కెప్టెన్ మాల్కం అనే ఇంగ్లీషు అధికారికి కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అది ప్రేమా? దర్బారు మర్యాదా? రాజకీయమా? నవల రాసేవారికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి!

అయితే ఆ బావి మెట్లు దిగి 1799లో తేలే కథానాయిక మీరే అనుకోండి. పట్టు పరికిణీలు, అత్తరు వాసనలు సరే. అగ్గిపెట్టె మాత్రం ఇంకా పుట్టలేదు, పొయ్యిలో నిప్పు ఆరితే పొరుగింటికి పరుగెత్తాల్సిందే. అంతకంటే పెద్ద భయం మశూచి. టీకా మన దేశానికి వచ్చింది 1802లో. జేమీ లాంటివాడు ఎదురుపడినా, చంకలో చంటిబిడ్డ ఉంటే ఉండిపోతానంటారా? నేనైతే వచ్చిన మెట్లే పట్టుకుని పరుగు!

ఉండిపోవలసిన చందా అక్కడే ఉండిపోయింది. 1824లో కన్నుమూస్తూ ఆస్తిని నిలువనీడ లేని ఆడవాళ్లకి రాసిందట. తార్నాకా నుంచి దూరమేం కాదు, మౌలాలి గుట్ట కింద తల్లి రాజ్ కున్వర్ పక్కనే ఆమె సమాధి. ఈసారి అటు వెళితే, ఎండ పెరగకముందే వెళ్లి చూసిరండి.