ముగ్గురు పిల్లలుంటే భరణం మూడింతలు వస్తుందా? లెక్క ఎలా వేస్తారంటే

నేను గవర్నర్‌పేటలో ఒక లాయర్ గారి ఆఫీసులో పిటిషన్లు టైప్ చేస్తుంటాను. భర్త వదిలేసి వెళ్లిపోయాడని పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే ఆడవాళ్లు ముందు అడిగేది ఒకటే, "పిల్లలకి నెలకి ఎంత వస్తుందండీ?" అని. ఈ రోజు ఆ లెక్కే చూద్దాం.

ముందు ఒక మాట. పిల్లాడికి జీతంలో ఇంత శాతం అని మన చట్టంలో ఎక్కడా లేదు. అమెరికాలో మనవాళ్లు చాలామంది ఉండే టెక్సాస్‌లో అయితే మామూలుగా ఒక బిడ్డకి నికర ఆదాయంలో 20 శాతం, ఇద్దరికి 25, ముగ్గురికి 30 అని పట్టిక ఉంది. మన దగ్గర ఆ పట్టిక లేదు, జడ్జిగారే కేసును బట్టి నిర్ణయిస్తారు. వాట్సాప్‌లో తిరిగే "25 శాతం" సంగతేంటంటారా? అది 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భార్య భరణం గురించి చెప్పిన మాట. పిల్లల లెక్క కాదు.

మరి లెక్క ఎలా? 2004లో ఢిల్లీ హైకోర్టు అనురీతా వోహ్రా కేసులో ఒక పద్ధతి చెప్పింది. ఇంటి ఆదాయాన్ని ఒక కేకు అనుకోండి. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక వాటా, సంపాదించేవాళ్లకి ఒక వాటా ఎక్కువ. మన కోర్టులు ఇదే వాడాలని రూలేం లేదు కానీ, అర్థం చేసుకోవడానికి బాగుంటుంది.

ఉదాహరణకి ఒక ఆటో డ్రైవర్. గ్యాస్ ఖర్చు పోను నెలకి 18,000 మిగులుతుంది. భార్యకి సంపాదన లేదు. ఒక్క బిడ్డ అయితే మొత్తం 4 వాటాలు, ఒక్కోటి 4,500. తల్లీబిడ్డలకి కలిపి 9,000. అదే ముగ్గురు పిల్లలైతే 6 వాటాలు, ఒక్కోటి 3,000. తల్లీపిల్లలకి కలిపి 12,000. చూశారా? పిల్లలు పెరిగితే మొత్తం పెరుగుతుంది, కానీ ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. ఆయన మీద ఆధారపడిన ముసలి తల్లి ఉంటే ఇంకో వాటా పోతుంది. అందుకే తక్కువ సంపాదన ఉన్న ఇంట్లో మూడింతలు అనేది జరిగే పని కాదు.

అలాంటప్పుడు ఆదాయం 18,000 అని తేలిందా, 9,000 అని తేలిందా అన్నదే అసలు పాయింట్. 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో చెప్పాల్సిందే అంది. వ్యవసాయం చేసేవాళ్లకి వేరే నమూనా కూడా ఇచ్చింది. కాబట్టి డెల్టాలో కౌలు చేసేవాళ్లయినా తప్పించుకోలేరు. "నాకు పనే లేదండీ" అంటే? ఒళ్లు బాగున్న మనిషి కూలి చేసైనా భార్యని, మైనర్ పిల్లల్ని పోషించాలని 2022లో అంజు గార్గ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మీ చేతిలో ఫోన్ ఉంది కదా, ఇవి ఇప్పుడే దాచుకోండి: ఆయన ఇదివరకు పంపిన ఫోన్‌పే డబ్బుల వివరాలు, స్కూల్ ఫీజు రశీదులు, అద్దె, మందుల బిల్లులు. ఖర్చు ఏ బిడ్డకి ఆ బిడ్డకి విడిగా రాయండి. పిటిషన్‌లో కూడా "అందరికీ కలిపి ఇంత" అని కాకుండా ఒక్కొక్కరికి ఇంత అని అడగండి. పెద్దాడికి 18 నిండితే వాడి మొత్తం గురించే మాట్లాడతారు, చిన్నవాళ్ల డబ్బు జోలికి రాకుండా ఉంటుంది.

మనోవర్తి కేసు పాత 125 సెక్షన్ కింద వేసేవాళ్లు. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 సెక్షన్. మీరు ఉంటున్న ఊళ్లోనే వేయొచ్చు. కేసు తేలేదాకా మధ్యంతర భరణం కూడా అడగొచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని వీలైనంతవరకు తేల్చాలని చట్టం చెబుతోంది. రజనీష్ తీర్పు ప్రకారం భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క. అందుకే పెద్దమనుషుల పంచాయితీ అంటూ నెలలు గడిపితే ఆ నెలల డబ్బు పోయినట్టే.

ఆర్డర్ వచ్చాక కూడా ఇవ్వకపోతే, బాకీ పడిన ఏడాదిలోపే వసూలుకి పిటిషన్ వేయాలి. ఇది మాత్రం మర్చిపోవద్దు. ఫీజులు పెరిగినా, ఆయన సంపాదన మారినా మొత్తం మార్చమని 146 సెక్షన్ కింద మళ్లీ అడగొచ్చు.

లాయర్‌కి డబ్బుల్లేవని ఆగకండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి. పోయేటప్పుడు పిల్లల ఆధార్, బర్త్ సర్టిఫికెట్లు పట్టుకెళ్లండి.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈ ఇబ్బందిలో ఎవరైనా ఉంటే ఈ వీడియో వాళ్లకి పంపండి.