సంఘం వెలేసింది... ప్రత్యర్థి మెచ్చుకుంది!

1937 జనవరి 1. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం, బిస్మార్క్ పట్టణం. బయట ఎముకలు కొరికే చలి. ఆస్పత్రి మంచం మీద 55 ఏళ్ల బ్రహ్మచారి ఒకాయన న్యుమోనియాతో పోరాడుతున్నాడు. క్రిస్మస్ సెలవుల్లో ఇంట్లో విశ్రాంతి తీసుకోవాల్సిన మనిషి. ఒంట్లో బాగోలేదు, వెళ్లొద్దని స్నేహితులు చెప్పారు. అయినా మారుమూల చిన్న సంఘాలకి మాటిచ్చానంటూ రైలెక్కాడు.

ఆ రోజు ఆయన తన సహోద్యోగి జాన్ మర్రేకి ఒక టెలిగ్రామ్ రాయించాడు. అందులో ఆస్తి సంగతి లేదు, అప్పగింతలు లేవు. క్రీస్తు చూపిన క్రియాత్మక విధేయతకు ఎంతో కృతజ్ఞుణ్ణి, అది లేకపోతే నాకు ఆశే లేదు అన్నది దాని సారాంశం. ఆ రోజే కన్నుమూశాడు.

ఆయన పేరు జె. గ్రెషమ్ మేచెన్.

చావు ముంగిట సిద్ధాంతమా?

క్రియాత్మక విధేయత అంటే ఏమిటి? మన లెక్కలో చెప్పుకుందాం. బ్యాంకు మీ అప్పు మొత్తం మాఫీ చేసిందనుకోండి. సంతోషమే. కానీ మీ ఖాతాలో ఉన్నది సున్నా. మేచెన్ నమ్మకం ప్రకారం క్రీస్తు సిలువ మీద మన అప్పు తీర్చడమే కాదు, జీవితమంతా దేవుని ఆజ్ఞలకు లోబడి బతికి, ఆ నీతిని మన ఖాతాలో జమ కూడా చేశాడు. చదివినవాళ్లకి ఇది పాఠం. ఆ మంచం మీద ఉన్నాయనకి మాత్రం ఊపిరి. సిద్ధాంతం పుస్తకాల్లో దుమ్ము పట్టే సరుకు కాదని ఆయన జీవితమంతా వాదించింది ఇందుకే.

సందేహం ఆయనకీ తెలుసు

మేచెన్ పుట్టింది 1881లో, బాల్టిమోర్‌లో, కలిగిన ఇంట్లో. 1905లో పై చదువుకి జర్మనీలోని మార్బుర్గ్ వెళ్లాడు. అక్కడ విల్హెల్మ్ హెర్మన్ అనే ప్రొఫెసర్ పాఠాలు విని కదిలిపోయాడు. హెర్మన్ పాత సిద్ధాంతాలు చాలావాటిని పక్కన పెట్టేసిన మనిషి. కానీ యేసు పేరెత్తితే చాలు, మొహం వెలిగిపోయే భక్తి ఆయనది. కుర్రవాడు మేచెన్ తలకిందులయ్యాడు. ఆ సంక్షోభం తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. అందుకే ఆయన అవతలివాళ్లని ఎప్పుడూ తక్కువ అంచనా వెయ్యలేదు.

తర్వాత ప్రిన్స్‌టన్ సెమినరీలో కొత్త నిబంధన పాఠాలు చెప్పాడు. ఈలోపు అమెరికా ప్రెస్బిటీరియన్ సంఘంలో గొడవ ముదిరింది. యేసు కన్యకు పుట్టాడా? శరీరంతో తిరిగి లేచాడా? ఇవి నమ్మకపోయినా పాస్టర్‌గా ఉండొచ్చా? ఉండొచ్చన్న ధోరణిలో 1924లో ఒక ప్రకటన వెలువడితే, 1,200 మందికి పైగా పాస్టర్లు సంతకాలు పెట్టారు.

దానికి ముందు ఏడాదే, 1923లో, మేచెన్ 'క్రిస్టియానిటీ అండ్ లిబరలిజం' అనే పుస్తకం రాశాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఉదారవాదం అనేది క్రైస్తవంలో ఒక శాఖ కాదు, అసలు వేరే మతం. నమ్మని హక్కు ఎవరికైనా ఉంది, ప్రభుత్వం వాళ్ల జోలికి పోకూడదు. కానీ విశ్వాసప్రమాణం మీద ప్రమాణం చేసి, జీతం తీసుకుంటూ, పాత మాటలకి కొత్త అర్థాలు తొడిగి ప్రసంగాలు చెయ్యడం మాత్రం నిజాయితీ కాదు. ఆయన దృష్టిలో దుర్బోధ అంటే ముందు మాట తప్పడమే.

పెర్ల్ బక్‌తో పేచీ

1932లో మిషనరీల పని మీద ఒక పెద్ద నివేదిక వచ్చింది. ఇండియా, బర్మా, చైనా, జపాన్ తిరిగి చూసి రాసిన నివేదిక అది. మిషనరీలు మతం మార్చడం కన్నా ఇతర మతాలతో కలిసి సత్యాన్ని వెతకాలన్నది దాని ధోరణి. చైనాలో మిషనరీగా ఉన్న 'గుడ్ ఎర్త్' రచయిత్రి పెర్ల్ బక్ దాన్ని మెచ్చుకుంది. స్థానికుల్ని చులకనగా చూసే మిషనరీలని ఆమె కళ్లారా చూసింది. ఆమె కోపంలో న్యాయం ఉంది. మేచెన్ మాత్రం, సువార్త మీద నమ్మకం సడలినవాళ్లని సంఘం డబ్బుతో ఎలా పంపుతారని నిలదీశాడు. 1933లో ఆమె రాజీనామా చేసింది. అదే ఏడాది మేచెన్ విడిగా ఒక మిషన్ బోర్డు పెట్టాడు.

అదే ఆయన మెడకు చుట్టుకుంది. బోర్డు నుంచి తప్పుకోమని సంఘం ఆజ్ఞాపించింది. కాదన్నందుకు 1935లో విచారణ. నా ఆక్షేపణ అంతా సిద్ధాంతం మీదే, అది వినండి అంటే విచారణ సంఘం వినలేదు. ఆజ్ఞ మీరావా లేదా, అంతవరకే! 1936లో పాస్టర్ హోదా పోయింది. పాత విశ్వాసాన్ని పట్టుకున్నాయన బయటికి, దాన్ని సడలించినవాళ్లు లోపల.

మచ్చ లేదా అంటే...

ఉంది. 1913లో ప్రిన్స్‌టన్ హాస్టల్లో ఒక నల్లజాతి విద్యార్థికి చోటిస్తే, మేచెన్ కోపంగా తల్లికి ఉత్తరం రాశాడు. చోటిచ్చింది ఎవరో కాదు, ఆయన గురువు, అంతే గట్టి సంప్రదాయవాది అయిన వార్‌ఫీల్డ్. ఇద్దరిదీ ఒకే విశ్వాసప్రమాణం. ఒకాయనకి అది తలుపు తెరిపించింది, ఇంకొకాయన జాతి గర్వాన్ని కదిలించలేకపోయింది. ప్రార్థన ఒక బల్ల మీద, పెళ్లి సంబంధం మాత్రం కులం చూసి అనే మన సంఘాల్లో ఈ ముక్క విడమర్చి చెప్పక్కర్లేదు. నమ్మకం సరిగ్గా ఉన్నంత మాత్రాన నడక సరిగ్గా ఉంటుందన్న గ్యారంటీ లేదు. నమ్మినదాన్ని మనమీద మనమే ప్రయోగించుకోవాలి.

చివరికి మెచ్చింది ఎవరు?

మేచెన్ పోయాక పత్రికల్లో వచ్చిన నివాళుల్లో రెండు చెప్పుకోదగ్గవి. ఒకటి, ఏ దేవుణ్ణీ నమ్మని జర్నలిస్టు హెచ్.ఎల్. మెంకెన్ రాసింది. నమ్మకం మీద నిలబడాలన్నా, వదిలెయ్యాలన్నా సూటిగా చెయ్యాలి, ఆ లెక్కన మేచెన్‌దే సరైన తర్కం అన్నాడు. రెండోది పెర్ల్ బక్ రాసింది. ప్రతి విషయంలోనూ ఆయనతో విభేదించాను, అయినా ఆయనంటే నాకు ఎంతో గౌరవం అని ఒప్పుకుంది. సర్దుకుపోయే పెద్దల కన్నా నిలబడి పోట్లాడిన మనిషే ఆమెకి నచ్చాడు.

మేచెన్‌తో ఏకీభవించాలని ఎవరికీ నియమం లేదు. కానీ ఆదివారం నిలబడి 'నేను నమ్ముచున్నాను' అనే ప్రతి ఒక్కరికీ ఆయన ఒక ప్రశ్న వదిలి వెళ్లాడు. ఆ మాట అనేటప్పుడు, నిజంగా ఆ మాటే అంటున్నామా?