ట్రాఫిక్ సగానికి పడిపోయిందా? గూగుల్ అప్‌డేటా, అవుటేజా, మన తప్పా... ఇలా తేల్చుకోండి

2023 డిసెంబర్ 6, రాత్రి తొమ్మిది దాటింది. బాపట్లలో మా డాబా మీదికెక్కి ఫోన్ పైకెత్తి పట్టుకుంటే సిగ్నల్ ఒక్క గీత వస్తోంది. ముందు రోజు మధ్యాహ్నం మిగ్‌జాం తుపాను బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. గంటకు 90-100 కిలోమీటర్ల గాలి. మా వీధికి అప్పట్నుంచి కరెంటు లేదు. పవర్ బ్యాంకులో మిగిలిన ఆ కాస్త చార్జింగ్‌తో నేను ఓపెన్ చేసింది వెదర్ యాప్ కాదు, నా వెబ్‌సైట్ అనలిటిక్స్. విజిటర్లు సగానికి సగం పడిపోయారు.

"ఊరంతా చీకట్లో ఉంటే ఆ ఫోన్‌లో ఏం చూస్తున్నావురా?" అని అమ్మ కిందినుంచి కేకేసింది. ఏం చెప్పను? బీటెక్ మూడో ఏడాదిలో మొదలుపెట్టిన సైట్ అది. తెలుగులో ఫోన్ రివ్యూలు, సెట్టింగ్స్ టిప్స్. పెద్ద సంపాదన కాదు గానీ, అమ్మ షుగర్ మందులు, ఇంటి కరెంటు బిల్లు ఆ యాడ్స్ డబ్బుల్లోంచే వెళ్తాయి. ఆ గ్రాఫ్ పడిపోతే నా కడుపులో దేవినట్టైంది.

అప్పుడు నాకు తెలిసిన విషయం ఒక్కటే. గూగుల్ రివ్యూస్ అప్‌డేట్ నడుస్తోంది. నవంబర్ 8న మొదలైంది, ఇంకా పూర్తి కాలేదు. నాది రివ్యూల సైట్. ఇంకేముంది, గూగుల్ నన్ను కొట్టేసిందని ఫిక్సయిపోయా.

7వ తేదీ పొద్దున్నే ల్యాప్‌టాప్ పట్టుకుని తెనాలిలో బాబాయి వాళ్లింటికి వెళ్లా. అక్కడ కరెంటు ఉంది. కూర్చుని 42 పాత రివ్యూలు డిలీట్ చేశా, మిగతావాటి టైటిల్స్ మార్చేశా. "కాస్త అన్నం తిని చూసుకోరా" అని పిన్ని అంటున్నా వినలేదు. ఆ రోజు నేను చేసిన తెలివితక్కువ పనికి రెండు నెలలు మూల్యం చెల్లించా.

అసలు ఏం జరిగింది?

వారం తిరగ్గానే విజిటర్లు వాళ్లంతట వాళ్లే వెనక్కి వచ్చారు. నేను డిలీట్ చేసిన పేజీలకు తప్ప! వాటి కోసం వచ్చినవాళ్లకు 404 ఎర్రర్ కనిపించింది. అప్పుడు తీరిగ్గా డేటా తీసి చూస్తే మూడు విషయాలు తెలిశాయి.

మొదటిది: అనలిటిక్స్‌లో సిటీ వారీగా చూస్తే హైదరాబాద్ లైన్ ఎప్పటిలాగే ఉంది. పడిపోయినవి గుంటూరు, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు, చెన్నై. అంటే తుపాను దెబ్బ తిన్న ఊళ్లే. నా రీడర్లు నన్ను వదిలేయలేదు. వాళ్లకీ నాలాగే కరెంటు, సిగ్నల్ లేవంతే.

రెండోది: సెర్చ్ కన్సోల్‌లో ఇంప్రెషన్లు తగ్గాయి గానీ సగటు పొజిషన్ కదల్లేదు. అంటే గూగుల్ నన్ను కిందికి నెట్టలేదు. వెతికేవాళ్లే తగ్గారు.

మూడోది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గూగుల్ రివ్యూస్ సిస్టమ్ ఏయే భాషలకు వర్తిస్తుందో దాని డాక్యుమెంట్‌లోనే రాసి ఉంది. ఇంగ్లీష్, స్పానిష్, జర్మన్, ఫ్రెంచ్... మొత్తం 11 భాషలు. అందులో తెలుగు లేదు! నాకు సంబంధమే లేని అప్‌డేట్‌కి భయపడి నా సైట్ నేనే నరుక్కున్నా. పైగా అదే 7వ తేదీతో ఆ అప్‌డేట్ పూర్తయింది.

42లో 31 పేజీలు బ్యాకప్ నుంచి పెట్టగలిగా. మిగతా 11 పోయినట్టే. పెట్టినవి మళ్లీ పాత పొజిషన్‌కి రావడానికి ఫిబ్రవరి దాకా పట్టింది.

అందుకే ఇప్పుడు ఈ వరసలోనే చూస్తా

1. సైట్ అసలు తెరుచుకుంటోందా? వైఫై ఆపేసి మొబైల్ డేటాలో చూడండి. ఇంకో ఊళ్లో ఉన్న ఫ్రెండ్‌ని కూడా ఓపెన్ చేయమనండి. ఇంకా మంచి పద్ధతి, అప్‌టైమ్‌రోబోట్ లాంటి సర్వీస్ పెట్టుకోవడం. ఉచిత ప్లాన్‌లోనే 5 నిమిషాలకోసారి సైట్‌ని తట్టి చూసి, పడిపోతే మెయిల్ పంపిస్తుంది. సర్వర్ 500, 502, 503 ఎర్రర్లు ఇస్తుంటే గూగుల్‌బాట్ రావడం తగ్గిస్తుంది. కొన్ని గంటలైతే ఫరవాలేదు. రోజుల తరబడి అలాగే ఉంటే మాత్రం పేజీలు ఇండెక్స్ నుంచి జారిపోతాయి.

ఒక్కోసారి తప్పు మన హోస్టింగ్‌ది కూడా కాదు. 2025 నవంబర్ 18 సాయంత్రం క్లౌడ్‌ఫ్లేర్ పడిపోయినప్పుడు ఎక్స్, చాట్‌జీపీటీ సహా బోలెడు సైట్లు ఆగిపోయాయి. ఏది పడిపోయిందో చూడ్డానికి మనం వెళ్లే డౌన్‌డిటెక్టర్ కూడా ఆ దెబ్బ తింది. అందుకే ఒక్క సోర్స్‌నే నమ్ముకోకూడదు.

2. సెర్చ్ ఇంజిన్ బాగానే ఉందా? గూగుల్ కూడా పడిపోతుంది. 2022 ఆగస్టు 9న, మన టైం ప్రకారం పొద్దున్న ఏడు గంటల ప్రాంతంలో, సెర్చ్ కాసేపు చాలా దేశాల్లో ఆగింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో సమస్య అని గూగుల్ చెప్పింది. 2024 మే 23న బింగ్ పడిపోతే, దాని మీద ఆధారపడ్డ డక్‌డక్‌గో, ఎకోసియా, కోపైలట్ కూడా దానితో పాటే ఇబ్బంది పడ్డాయి. వీటికి మనం చేయాల్సింది ఏమీ లేదు. టైం రాసిపెట్టుకుని టీ తాగొచ్చు.

ఎక్కడ చూడాలంటే, గూగుల్ సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డ్. 2022 డిసెంబర్‌లో మొదలుపెట్టారు. క్రాలింగ్, ఇండెక్సింగ్, ర్యాంకింగ్, సర్వింగ్ అని నాలుగు వరసలు ఉంటాయి. అవుటేజ్‌లూ అప్‌డేట్లూ రెండూ అక్కడే పెడతారు. ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ కూడా ఉంది, ఫీడ్ రీడర్‌లో యాడ్ చేసుకుంటే రోజూ వెళ్లి చూసే పని తప్పుతుంది.

3. అప్‌డేట్ నడుస్తోందా? అది మనకు వర్తిస్తుందా? రెండో ప్రశ్న మర్చిపోవద్దు, నేను పడింది అక్కడే. కోర్ అప్‌డేట్లు అన్ని భాషలకూ వర్తిస్తాయి. అవి ఒక్క రోజులో అయిపోయేవి కూడా కాదు. 2024 మార్చి కోర్ అప్‌డేట్ మార్చి 5న మొదలై ఏప్రిల్ 19 దాకా, 45 రోజులు సాగింది. 2025 జూన్ 30న మొదలైనది జులై 17న ముగిసింది. మధ్యలో ర్యాంకులు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. 2024 ఆగస్టు 15న కోర్ అప్‌డేట్ మొదలైన రోజే ర్యాంకింగ్‌లో వేరే బగ్ కూడా వచ్చింది. రెండింటికీ సంబంధం లేదని గూగుల్ చెప్పింది, బగ్‌ని నాలుగైదు రోజుల్లో సరిచేసింది. ఆ రెండో రోజే టైటిల్స్ మార్చుకున్నవాళ్లు దేనికి మందు వేసుకున్నట్టు?

కోర్ అప్‌డేట్ పూర్తయ్యాక కనీసం వారం ఆగి, అప్‌డేట్ మొదలవకముందు వారంతో పోల్చి చూడమని గూగుల్ చెప్తోంది. కంటెంట్ డిలీట్ చేయడం ఆఖరి దారి అని కూడా రాసింది. నాకు ఈ రెండు ముక్కలూ ఆలస్యంగా తెలిశాయి.

4. గ్రాఫ్‌లో పడింది ఏది? సెర్చ్ కన్సోల్ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో నాలుగు లైన్లూ ఆన్ చేసి చూడండి.

• ఇంప్రెషన్లు పడ్డాయి, పొజిషన్ అలాగే ఉంది: వెతికేవాళ్లు తగ్గారు. పండగ, తుపాను, పరీక్షలు, క్రికెట్ మ్యాచ్... ఏదైనా కావచ్చు.
• పొజిషన్ కూడా పడింది: ర్యాంకింగ్ మారింది. అప్‌డేట్ తేదీలతో కలిపి చూడాలి.
• కొన్ని పేజీలు ఏకంగా సున్నా: తప్పు మన దగ్గరే ఉండొచ్చు. నోఇండెక్స్ ట్యాగ్, రోబోట్స్ ఫైల్ చెక్ చేసి, యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ పేజీ పెట్టి చూడండి.
• ఇంప్రెషన్లు పడ్డాయి, క్లిక్కులు మాత్రం అలాగే ఉన్నాయి: లెక్క మారి ఉండొచ్చు. 2025 సెప్టెంబర్‌లో ఒకే పేజీలో 100 రిజల్ట్స్ చూపించే పద్ధతిని గూగుల్ ఆపేసింది. దాంతో చాలా సైట్లలో ఇంప్రెషన్లు ఒక్కసారిగా తగ్గాయి. పోయింది మనుషులు కాదు, అలా వందేసి రిజల్ట్స్ లాగే టూల్స్ అని చాలామంది తేల్చారు.

టైంతో జాగ్రత్త

సెర్చ్ కన్సోల్ రోజువారీ గ్రాఫ్‌లో రోజు అంటే కాలిఫోర్నియా రోజు. చలికాలంలో అక్కడ తేదీ మారేది మన మధ్యాహ్నం 1:30కి. మిగ్‌జాం తీరం దాటింది 12:30-2:30 మధ్య. అంటే మాకు ఒకే మధ్యాహ్నం, గ్రాఫ్‌లో మాత్రం సగం 4వ తేదీ ఖాతాలో, సగం 5వ తేదీ ఖాతాలో పడింది. ఇది తెలియక "తుపానుకు ముందు రోజు నుంచే పడిపోతోంది, కాబట్టి తుపాను కాదు" అని నేను లాజిక్ తీశా!

పైగా రోజువారీ డేటా పూర్తిగా రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. 2024 డిసెంబర్‌లో వచ్చిన 24 గంటల వ్యూతో గంటగంటకూ చూడొచ్చు. తొందరగా కంగారు పడటానికి కాదు సుమా, తొందరగా తేల్చుకోవడానికి.

నేను పెట్టుకున్న రూల్

నా దగ్గర ఇప్పుడు ఒక చిన్న షీట్ ఉంది. తేదీ, ఏం జరిగింది, నేను సైట్‌లో ఏం మార్చాను. మూడే కాలమ్స్. గూగుల్ అప్‌డేట్లు, హోస్టింగ్ సమస్యలు, తుపాన్లు, ప్లగిన్ అప్‌డేట్లు అన్నీ అందులోనే. ఆదివారం ఆదివారం బ్యాకప్. గ్రాఫ్ పడ్డాక ఏడు రోజుల దాకా డిలీట్ బటన్ ముట్టుకోను. సర్వర్ ఎర్రర్, నోఇండెక్స్ లాంటి స్పష్టమైన తప్పు కనబడితే మాత్రం వెంటనే సరిచేస్తా.

మా తీరంలో తుపాను వస్తోందంటే నిజాంపట్నం హార్బర్‌లో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అది చూసి జాలర్లు పడవలు ఒడ్డుకు లాగి కట్టేస్తారు. పడవ పగలగొట్టుకోరు. నేను ఆ రోజు చేసింది మాత్రం అదే.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మర్నాడు గ్రాఫ్ మళ్లీ కిందికి వంగింది. డ్యాష్‌బోర్డ్ చూశా, ర్యాంకింగ్ అప్‌డేట్ ఏదీ లేదు. సైట్ తెరుచుకుంటోంది. పొజిషన్ అలాగే ఉంది. షీట్‌లో "మొంథా" అని ఒక్క ముక్క రాసి ల్యాప్‌టాప్ మూసేశా.

"ఏంట్రా, ఇవాళ ఫోన్ పట్టుకోలేదు?" అంది అమ్మ.

వారం లోపే గ్రాఫ్ దానంతట అదే లేచింది. ఈసారి ఒక్క పేజీ కూడా పోలేదు.