ఏం చెట్టు కొయ్యాలండీ?

"పెద్దది చూపించండి. ఇరవై నాలుగు అంగుళాల బారుది."

అమలాపురంలో వ్యవసాయ పనిముట్ల కొట్టు. అడిగినాయన కొబ్బరి రైతు. కౌంటరు వెనకాయన మిషన్ కిందికి దించలేదు, ఎదురు ప్రశ్న వేశాడు.

"ఏం చెట్టు కొయ్యాలండీ?"

"కొబ్బరేనండీ. మోడులైపోయినవి ఓ పాతికున్నాయి. రేపు గాలివానొస్తే పడినవి తీసుకోవాలి కదా."

"మొదలు చుట్టుకొలత ఎంతుంటుందండీ?"

రైతు దగ్గర జవాబు లేదు. ఇంటికి ఫోన్ చేసి కొడుకుని టేపు పట్టుకుని తోటలోకి వెళ్లమన్నాడు. ఐదు నిమిషాల్లో కబురొచ్చింది: 38 అంగుళాలు. కొట్టాయన ఆ అంకెని మూడుతో భాగించాడు. "అడ్డకొలత పన్నెండు, పన్నెండున్నర అంగుళాలు. మీకు పదహారు అంగుళాల బారు చాలండీ. పెద్దది కొంటే డబ్బూ దండగే, నడుమూ దండగే."

ఆకురాయి కొనడానికి వెళ్లిన నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని మనవాళ్లు ఊరికే అనలేదు. చెట్లు కోసే మిషన్ కొనబోయే ప్రతి ఒక్కరూ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న కొట్టాయన వేసిందే. ఈ యంత్రం పుట్టుక దగ్గర్నుంచి పెరిగిన తీరు చూస్తే ఆ ప్రశ్న విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఎందుకంటే గొలుసు రంపం చరిత్ర అంతా బరువు దించుకున్న చరిత్ర.

వైద్యుడి చేతిలో పుట్టింది

గొలుసు రంపం అడవిలో పుట్టలేదు. 18వ శతాబ్దం చివర స్కాట్లాండ్‌లో జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు వైద్యులు దీని తొలి రూపాన్ని వాడారు. సైకిల్ చైనులాంటి సన్నని గొలుసు, ఒక అంచున పళ్లు, రెండు కొసలా రెండు పిడులు. ఎముక చుట్టూ గొలుసు తిప్పి, అటొకసారి ఇటొకసారి లాగితే ఎముక తెగేది. బిడ్డ బయటికి రాక కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముకల మధ్య కీలుని విడదీయడానికి, చెడిపోయిన ఎముకని తీసేయడానికి దాన్ని ఉద్దేశించారు. మత్తుమందు ఇంకా రాని కాలం అది. చుట్టూ ఉన్న కండకి దెబ్బ తగలకుండా ఎముక ఒక్కటే త్వరగా తెగాలి. మామూలు రంపం ఆ ఇరుకులో ఆడదు, వంగే గొలుసు ఆడుతుంది. అంటే ఈ పనిముట్టు మొట్టమొదటి సుగుణం చిన్నదిగా ఉండడమే.

అదే ఆలోచన కలప దగ్గరికి రావడానికి శతాబ్దం పైనే పట్టింది. అప్పటిదాకా లోకమంతటా ఉన్నవి మన గోదావరి మీదా ఉన్నవే: గొడ్డలి, ఇద్దరు చెరో కొసా పట్టి లాగే రంపం. పైనున్న అడవుల్లో నరికిన దుంగల్ని తెప్పలు కట్టి నది మీద రాజమండ్రికి దించేవారు. చెట్టే రంపం దగ్గరికి వచ్చేది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజినీరు దీన్ని తిరగేశాడు. రంపమే చెట్టు దగ్గరికి వెళ్లాలన్నాడు. 1926లో కరెంటుతో నడిచే గొలుసు రంపం చేశాడు. అడవిలో కరెంటు ఎక్కడిది? 1927లో ఎమిల్ లెర్ప్ అనే మరో జర్మన్ పెట్రోలు రంపాన్ని డోల్మార్ అనే కొండ మీద నడిపి చూపించాడు. 1929లో స్టీల్ కూడా పెట్రోలు రంపం తెచ్చాడు. 6 హార్స్‌పవర్, 46 కిలోలు. సిమెంటు బస్తాకి నాలుగు కిలోలు తక్కువ. దాన్ని ఇద్దరు మనుషులు మోయాలి, ఇద్దరూ పట్టుకుని కోయాలి.

1950లో స్టీల్ నుంచి ఒక్క మనిషి పట్టే రంపం వచ్చింది, 16 కిలోలు. 1959 నాటి కాంట్రా అనే మోడల్ 12 కిలోలకి దిగింది. బలం మాత్రం అదే 6 హార్స్‌పవర్. 30 ఏళ్లలో ఇంజినీర్లు బలం తగ్గకుండా 34 కిలోలు దించేశారు. ఇవాళ కొబ్బరితోటకి సరిపోయే మిషన్ 5 కిలోలు దాటదు.

ఈ దిగుదలలో కార్బ్యురేటర్ మార్పుది పెద్ద చేయి. మోటార్‌సైకిల్ పక్కకి పడితే పెట్రోలు కారిపోతుంది కదా, పాత రంపాల కార్బ్యురేటర్ కూడా అలాంటిదే. ఇంజిను నిటారుగా ఉంటేనే నడిచేది. కొమ్మని అడ్డంగా కోయాలన్నా, మొదలుని పడుకోబెట్టి కోయాలన్నా ఇంజిను నిలబెట్టి, చైను తిరిగే పట్టీని, అంటే బారుని ఒక్కదాన్నే తిప్పే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటే బోలెడు బరువు. పలచని పొర కదలికతో పెట్రోలు అందించే డయాఫ్రమ్ కార్బ్యురేటర్ వచ్చాక మిషన్‌ని ఎటు తిప్పినా, తలకిందులు చేసినా ఆగదు.

పురుగు నేర్పిన పాఠం

ఇంజిను తేలికవుతూ వచ్చినా గొలుసు మాత్రం చాలాకాలం మొండిగానే ఉండేది. పళ్లు కర్రని గీకేవి, మాటిమాటికీ సానపెట్టాల్సి వచ్చేది. 1946లో అమెరికాలోని ఒరెగాన్‌లో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అనే కలప కార్మికుడు కట్టెలు కొడుతూ ఒక మొద్దులో చూపుడువేలంత పురుగుని చూశాడు. గట్టి కర్రని అది అటూ ఇటూ సునాయాసంగా తొలుచుకుపోతోంది. ఎలాగా అని పరికించి చూశాడు. దాని దవడలు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తిరిగి ఉన్నాయి. ఆ పద్ధతిలోనే ఎడమ పన్ను, కుడి పన్ను ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా గొలుసు చేశాడు. 1947లో అది అమ్మకానికి వచ్చింది. ఇవాళ మనం వాడే చైను దాని సంతతే.

కొబ్బరి మొవ్వులో కొమ్ముపురుగుని, మానులో ఎర్రముక్కు పురుగుని చూసి గుండె బేజారయ్యే మన రైతులకి ఈ సంగతి వింతగా తోచదు. పురుగు దవడ ఎంత పని చేస్తుందో వాళ్లకి తెలుసు.

చైనుని దగ్గరగా చూడండి. వంగిన ప్రతి పన్ను ముందూ ఒక చిన్న గుబ్బ ఉంటుంది. పన్ను కొస కన్నా అది అర మిల్లీమీటరు చిల్లర పల్లంగా ఉంటుంది. ఒక్కో పన్ను ఎంత లోతు దిగాలో ఆ తేడాయే నిర్ణయిస్తుంది. గుబ్బని మరీ అరగదీస్తే పన్ను అతిగా దిగి మిషన్ కుదుపుతుంది. పదును సంగతి కోసేటప్పుడు రాలే పొట్టే చెబుతుంది. పదునున్న చైను కొబ్బరికోరులాంటి పలుకులు విసురుతుంది. మొద్దుబారింది పిండి రాలుస్తుంది. పిండి రాలుతుంటే మిషన్‌ని నొక్కడం ఆపి, ఆకురాయి తీయాలి.

సైజు లెక్క

సైజు అంటే బారు పొడవొక్కటే కాదు. బారు, ఇంజిను సీసీ, చైను పళ్ల ఎడం మూడూ కలిస్తేనే సైజు. బారు పొడవైన కొద్దీ ఒకేసారి కర్రలో దిగే పళ్లు ఎక్కువ, రాపిడి ఎక్కువ. ఫుల్ రేజ్‌లో చైను సెకనుకి సుమారు 20 మీటర్లు పరుగెడుతుంది, అంటే గంటకి 72 కిలోమీటర్లు. చిన్న ఇంజినుకి పొడుగు బారు తగిలిస్తే ఆ పరుగు పడిపోతుంది. క్లచ్ జారి వేడెక్కి మాడుతుంది. చిన్న చెట్టుకి పెద్ద ఇంజిను తెస్తే బరువంతా చేతుల మీదే. మధ్యాహ్నానికి భుజాలు లాగేస్తాయి. అలసిన చేతిలో మిషన్ మాట వినదు.

చెట్టు అడ్డకొలత మీద రెండు మూడు అంగుళాలు ఎక్కువున్న బారు సుఖం. చుట్టుకొలతని మూడుతో భాగిస్తే అడ్డకొలత ఇంచుమించు వచ్చేస్తుంది. అలవాటున్న చెయ్యి రెండు వైపుల నుంచీ కోస్తే బారుకి రెట్టింపు లావు మానుని కూడా పడగొట్టగలదు.

మన డెల్టాకి అన్వయించుకుంటే: మామిడి కొమ్మలు, కొబ్బరి నీడన పెంచిన కోకో కొమ్మలు, తీరం వెంట సరుగుడు వాసాలకి 10 నుంచి 12 అంగుళాల బారు, 30, 35 సీసీ చాలు. బ్యాటరీది అయినా సరిపోతుంది. కొబ్బరికి 14 నుంచి 16 అంగుళాలు, 40 సీసీ పైచిలుకు. ముదురు వేప, తుమ్మ, మెట్టలో జామాయిల్ మొద్దులకి 18 నుంచి 20 అంగుళాలు, 50 నుంచి 60 సీసీ. రోడ్ల పక్కన గొడుగు పట్టిన నిద్రగన్నేరు, మర్రి, రావి మానులకి 24 అంగుళాల పైన, 70 సీసీ పైన కావాలి. ఆ మిషన్ కొనుక్కోనక్కర్లేదు, అదే వృత్తిగా బతికేవాళ్లని పిలవాలి. చెట్టు కొట్టే ముందు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి సంగతీ చూసుకోవాలి.

చేవ ఎక్కడుంది?

వేపకీ, టేకుకీ చేవ లోపల ఉంటుంది. కొబ్బరికీ, తాటికీ చేవ బయట ఉంటుంది. ఇవి గడ్డిజాతికి చుట్టాలు. ఏటా వలయం పోసుకుని లావెక్కేవి కావు. నల్లటి గట్టి నారపోగులన్నీ బెరడు పక్కన చేరతాయి, నడిమధ్య మెత్తటి బెండు. అందుకే ముదురు తాటిమానుని చీల్చి, బెండు చెక్కేసి, దూలాలు వేసుకున్నారు మన పెద్దలు. కొబ్బరి మానులో ఇసుకలాంటి సిలికా కూడా ఉంటుంది. చైను పదును తొందరగా పోతుంది. నారపోగులు పళ్లచక్రం చుట్టూ చిక్కుకుంటాయి. కాబట్టి కొబ్బరి కోసేవాడికి కావాల్సింది పెద్ద మిషన్ కాదు, పదునైన చైను. నాలుగైదు మానులకోసారి మిషన్ ఆపి, మూత విప్పి పీచు తీసేసే ఓపిక కూడా.

పడిన చెట్టు వంచిన విల్లు

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫాను వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది, లక్షల కొబ్బరిచెట్లని నేలకూల్చింది. తెల్లారేసరికి మా వీధి కనపడలేదు, మానుల మీద మానులే. చాలా రోజులు ఊళ్లో వినపడింది గొడ్డలి చప్పుడే. అలాంటి పొద్దున చిన్న మిషన్ ఒక్కటి ఎన్ని దార్లు తెరుస్తుందో ఆలోచించండి. ఎంత ప్రమాదం తెస్తుందో కూడా.

గాలికి ఒరిగి ఇంకో చెట్టు మీద ఆనుకున్న మాను వంచిన విల్లు. ఒక పక్క సాగి ఉంటుంది, ఒక పక్క నొక్కుకుని ఉంటుంది. సాగిన పక్కని ముందు కోస్తే ఫెటీలున చీలి మనిషి మీదికి ఎగురుతుంది. నొక్కుకున్న పక్క కొంచెం గాటు పెట్టి, ఆ తర్వాత సాగిన పక్క నెమ్మదిగా కోయాలి. వేళ్లతో లేచిన మొదలు, మాను తెగగానే తిరిగి గోతిలోకి కూలబడొచ్చు. దాని వెనక పిల్లల్ని నిలబడనివ్వకూడదు.

బారు కొస పైభాగం దేనికైనా తగిలితే మిషన్ రెప్పపాటులో మొహం మీదికి ఎగదన్నుతుంది. అందుకే 1970ల్లో చైను బ్రేకు వచ్చింది. చేతి వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబారే జబ్బు చూసి, అంతకుముందే అదురు తగ్గించే పిడులు పెట్టారు. కళ్లద్దాలు, హెల్మెట్, బూట్లు లేకుండా మిషన్ స్టార్ట్ చేయకూడదు. భుజం కన్నా పైకెత్తి కోయకూడదు.

మళ్లీ వైద్యం దగ్గరికి

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున ఒక నిద్రగన్నేరు ఉండేది. సుమారు 150 ఏళ్ల మాను. ఎన్నో సినిమాల్లో కనిపించి సినిమా చెట్టుగా పేరు తెచ్చుకుంది. 2024 ఆగస్టులో అది నేలకొరిగింది. జనం చుట్టం పోయినట్టు చూసి వచ్చారు. కట్టెలకి అమ్మేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. బతికించాలనుకున్నవాళ్లు కొమ్మలు తొలగించి, మొదలుకి మందు వేశారు. కొన్ని వారాలకి చిగురు తొడిగింది.

నాకు ఆ స్కాట్లాండ్ వైద్యులు గుర్తుకొచ్చారు. తల్లినీ బిడ్డనీ కాపాడాలని చేసిన పనిముట్టు కదా ఇది. చుట్టూ ఉన్న కండ చెడకుండా ఎంత తెగాలో అంతే తెగాలన్నది వాళ్ల తపన. చెట్టు దగ్గర మన తపన కూడా అంతే ఉండాలి. ఏ కొమ్మ పోవాలి, ఏది ఉండాలి అన్నది ముందు తేలితే మిషన్ ఎంతది కావాలో దానంతటదే తేలుతుంది.

ఆ వేళ అమలాపురం రైతు 16 అంగుళాల మిషన్ స్కూటరు ముందు పెట్టుకుని వెళ్లాడు. బేరం తెగాక కొట్టాయన అదనంగా ఇచ్చింది ఒక్కటే, గుండ్రటి ఆకురాయి.