క్రీడా గడియారములు: పేరును పనియును

వస్తువునకు పేరు పెట్టుట సులభము. ఆ పేరునకు తగిన పనిని దానిచేత చేయించుట కష్టము. నేడు లక్షల రూపాయలకు అమ్ముడగుచున్న విదేశపు చేతిగడియారములకు సముద్రగర్భము, మోటారుపందెము, విమానయానము, పోలో మున్నగు ఘనకార్యముల పేర్లు తగిలించుచున్నారు. పూర్వము అల్లునికి ఒక గడియారము పెట్టినచో మర్యాద చెల్లెడిది. ఇప్పుడు ఏ గడియారమను ప్రశ్న సంబంధము మాటలాడు చోటనే పుట్టుచున్నది. కావున ఈ పేర్లలో నిజమెంతయో విచారించుట అవసరమని మేము తలంచుచున్నాము.

గడియారము హైదరాబాదు పాతబస్తీకి క్రొత్త వస్తువు కాదు. 1591లో కట్టిన చార్మినారునకు 1889లో నాలుగు వైపుల గడియారములు అమర్చిరి. 1892లో ఆస్మాన్ జాహ్ మహబూబ్ చౌకున గడియారస్తంభము కట్టించెను. సాలార్‌జంగ్ మ్యూజియములోని కుక్ అండ్ కెల్వీ గడియారము నెదుట గంటగంటకు జనము గుమిగూడుచున్నారు. చిన్న బొమ్మ యొకటి తలుపు తెరచుకొని వచ్చి, గంట కొట్టి మరలిపోవును. వీనిలో ఏదియు తాను చేయని పనిని చెప్పుకొనదు. చౌకులోని గడియారము చౌకునకు వేళ చెప్పుటకే పుట్టినది. క్రీడా గడియారమును ఈ కొలబద్దతోనే కొలువవలెను.

ఈ జాతిలో మన దేశముతో చుట్టరికము గలది ఒకటి యున్నది. ఇచట పోలో ఆడు ఆంగ్లేయాధికారుల గడియారపు అద్దములు ఆటలో దెబ్బలు తగిలి పగులుచుండెడివి. ఆ మొర విన్న సెసార్ ద త్రే యను స్విట్జర్లాండు వర్తకుడు ఉపాయము వెదకించెను. అద్దము మణికట్టు వైపునకు పోవునట్లు పెట్టెను బోర్లించు ఏర్పాటునకు 1931 మార్చిలో ప్యారిసున పేటెంటు కోరిరి. జేజర్ లెకూల్త్ర్ వారి రివర్సో అదియే. దాని పుట్టుకకు కారణము గలదు. కాని అద్దము దాగినంత మాత్రమున అదురు దాగదు గదా! వెంట్రుకవంటి ఇరుసుపై ఊగు చక్రమునకు గట్టి దెబ్బ ఎప్పుడును శత్రువే. నేడు దానిని ధరించువారిలో గుఱ్ఱమెక్కువారెందరు? అది విందులకు పెట్టుకొని పోవు నగగా మారినది.

మోటారుపందెముల నుద్దేశించి ఒమేగా వారు 1957లో స్పీడ్‌మాస్టరును వెలువరించిరి. దాని అంచున వేగపు అంకెలుండును. ఒక కిలోమీటరు దాటుటకు 30 సెకనులు పట్టినచో ముల్లు 120 చూపును. ఒక నిమిషము పట్టినచో 60. అంతకంటె మెల్లగా పోవు బండి ఆ లెక్కకు అందదు. మదీనా కూడలినుండి చార్మినారు వైపు జనప్రవాహమున సాగువానికి ఆ అంకెలతో ఏమి పని? విచిత్రమేమనగా, ఆ గడియారమునకు పెద్ద కీర్తి పందెపుబాటపై కాక అంతరిక్షమున లభించినది. అమెరికాలోని నాసా వారు వేడిమి, చలి, వాయుశూన్యము, అదురు మున్నగు పరీక్షలు పెట్టి 1965లో దానిని అంగీకరించిరి. 1970లో అపోలో 13 ఆపదలో చిక్కినపుడు, త్రోవ సరిదిద్దుటకు ఇంజనును మండించిన 14 సెకనులను దానితోనే లెక్కించిరి. యోగ్యత పేరుచే రాదు, పరీక్షచే వచ్చునని దీనివలన తేలుచున్నది.

సముద్రమున మునుగువారి గడియారముల సంగతి చూతము. వాని అంచు ఒక వైపునకే తిరుగును. పొరపాటున కదలినను, నీటిలో గడచిన కాలము ఎక్కువగా కనబడునే కాని తక్కువగా కనబడదు. మునిగినవాడు త్వరపడి పైకి వచ్చును. ప్రాణమును కాపాడు యుక్తి ఇది. అయినను నేడు మునుగువారు లోతును కాలమును కలిపి గణించు చిన్న కంప్యూటరును మణికట్టునకు కట్టుకొనుచున్నారు. గడియారము దానికి తోడుగా మిగిలినది. సామాన్య గడియారముపై 30 మీటర్లని వ్రాసిన మాత్రమున దానితో అంత లోతునకు దిగరాదు. చేతులు కడుగునపుడు పడు తుంపరలకే అది ఓర్చును. మునుగు గడియారమనుటకు అంతర్జాతీయ ప్రమాణము కనీసము 100 మీటర్లు కోరుచున్నది. లోపలి రబ్బరు వాషరు పాతబడినను, మూత విప్పి మరల బిగించినపుడు పరీక్షింపకున్నను, ఎంతటి వెల పెట్టినదైనను నీరు త్రాగును.

పనితనమును మేము నిందించుటలేదు. సూక్ష్మమైన పళ్లచక్రములను చేతితో మెరుగుపెట్టు శిల్పి గౌరవార్హుడే. ఆ శిల్పమును ప్రేమించి కొనువానితో మాకు తగవు లేదు. కాని స్విట్జర్లాండువారి ధ్రువపత్రము పొందిన కీ గడియారము సైతము దినమునకు 4 సెకనులు వెనుకబడినను, 6 సెకనులు ముందుకు పోయినను ఒప్పుదురు. సామాన్యమైన క్వార్ట్జు గడియారపు తేడా నెలకు ఇంచుమించు 15 సెకనులే. వేళ కొఱకే అయినచో లక్షలు అనవసరము. 1961లో బెంగుళూరున ప్రారంభమైన హెచ్.ఎం.టి. గడియారముల తయారీ 2016లో మూతపడినది. ఉపాధ్యాయులును గుమాస్తాలును దశాబ్దములు ఆ గడియారములతోనే సకాలమున పనికి పోయిరి. వారి చేతి గౌరవమునకు లోపమేమి కలిగినది?

సముద్రమున దిగువాడు మునుగు గడియారము కొనుగాక, పందెము తోలువాడు పందెపు గడియారము కొనుగాక. పొలము కుదువబెట్టి అల్లుని మణికట్టునకు సముద్రమును కట్టబోవు గృహస్థు మాత్రము ఒక్కమారు మహబూబ్ చౌకున నిలిచి తల యెత్తి చూచుట మేలు. అప్పుపత్రముపై గడువు తేదీని ఏ గడియారమును వెనుకకు త్రిప్పజాలదు.