వైట్ వాటర్ కనూ కొంటున్నారా? ముందు ఇలా ట్రయల్ చేయండి

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉండేవాళ్లలో కొందరు దుర్గం చెరువులో కయాక్ నడిపే ఉంటారు. ఇంకొందరు వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి రిజర్వాయర్ కూడా చూసొచ్చి ఉంటారు. ఆ తర్వాత వచ్చే ఆలోచన ఏంటంటే, రాళ్ల మధ్య ఉరికే నదిలో నడిపే పడవ ఒకటి కొనేద్దామని. కొనండి, కానీ ట్రయల్ చేయకుండా మాత్రం వద్దు. ఎలా చేయాలో ఈరోజు చూద్దాం.

ముందు పేర్లు క్లియర్ చేసుకుందాం. కయాక్‌లో కాళ్లు చాపుకుని కూర్చుంటాం, తెడ్డుకి రెండు వైపులా బ్లేడ్ ఉంటుంది. కనూ తెడ్డుకి ఒకే బ్లేడ్. వైట్ వాటర్ కనూలో మోకాళ్ల మీద కూర్చుని, తొడల మీదుగా పట్టీలు బిగించుకుంటాం.

ఇప్పుడు అసలు పాయింట్. చెరువులో బాగా నడిచే పడవ పొడవుగా ఉంటుంది, తిన్నగా వెళ్తుంది. వైట్ వాటర్ పడవ పొట్టిగా ఉంటుంది, రెండు చివర్లు పైకి వంగి ఉంటాయి. రాళ్ల మధ్య టక్కున తిరగాలి కదా! అదే పడవని నిలకడ నీళ్లలో వేస్తే ముక్కు అటూ ఇటూ తిరుగుతూ విసిగిస్తుంది. అది లోపం కాదు, దాని పనే అది. అందుకే చెరువులో బాగుందా లేదా అన్నది చూసి నిర్ణయం తీసుకోకండి.

మరి చెరువు ఎందుకు పనికొస్తుంది? మూడు విషయాలకి.

ఒకటి, ఫిట్. అరగంట మోకాళ్ల మీద కూర్చోండి. కాళ్లు తిమ్మిరెక్కితే సీటు ఎత్తు మీకు సరిపోకపోయి ఉండొచ్చు. కంపెనీ చెప్పిన బరువు లిమిట్‌లో మీ బరువుతో పాటు సామాను కూడా లెక్కేయండి.

రెండు, వంపు. నడుము దగ్గర వంగి పడవని ఒక పక్కకి వాల్చండి. కొన్ని పడవలు మెల్లగా వాలి ఆగుతాయి, కొన్ని ఒక్కసారిగా తిరగబడతాయి. మీకు ఏది నప్పుతుందో అక్కడే తెలుస్తుంది.

మూడు, అన్నిటికన్నా ముఖ్యం, బోల్తా. ట్రైనర్ పక్కన ఉండగా, లైఫ్ జాకెట్, హెల్మెట్ వేసుకుని, కావాలనే తిరగబడండి. పట్టీలు వెంటనే ఊడుతున్నాయా? కంగారు లేకుండా బయటికి రాగలుగుతున్నారా? రాలేకపోతే ఆ పడవ ఎంత చవకైనా మీకొద్దు. లోపల ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్నాయో లేదో కూడా చూడండి. లీటరు నీళ్లంటే కిలో బరువు. నిండిన పడవని ప్రవాహంలో ఒక్క మనిషి ఆపలేడు.

దీని తర్వాతే పారే నీళ్లు. నదుల కష్టాన్ని 1 నుంచి 6 గ్రేడ్‌లుగా చెప్తారు. ట్రయల్‌కి 1, 2 చాలు. రాయి వెనకాల నీళ్లు వెనక్కి తిరిగే చోటుని ఎడ్డీ అంటారు. అందులోకి దూరి, మళ్లీ బయటికి వచ్చి చూడండి. పడవ మీ మాట వింటుందో లేదో అప్పుడు తేలిపోతుంది. నీళ్లలో పడితే నిలబడే ప్రయత్నం చేయొద్దు, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే ప్రాణం మీదకొస్తుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం వెళ్లే వైపు పెట్టండి.

ఎక్కడ చేయాలి? రిషికేశ్‌లో గంగ మీద కయాకింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు, కానీ నడి వానాకాలంలో అక్కడ రాఫ్టింగ్ ఆపేస్తారు. కేరళలో కోళికోడ్ జిల్లా కోడంచేరి దీనికి రివర్స్. అక్కడి నదులు ఉరకలేసేదే వానల్లో. మలబార్ రివర్ ఫెస్టివల్ జరిగేది కూడా అప్పుడే. వెళ్లేముందు కనూ ఉందా, కయాక్ మాత్రమేనా అని ఫోన్ చేసి అడగండి.

చివరగా ఒక లెక్క. సుమారు మూడు మీటర్ల పడవ మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పడుతుందా? కారు మీద ర్యాక్ ఉందా? ఏడాదిలో ఎన్ని రోజులు నదికి వెళ్తారు? వారం రోజులే అయితే అక్కడే అద్దెకి తీసుకుని, మిగిలిన డబ్బు ట్రైనింగ్‌కి పెట్టండి. పడవ తర్వాత కూడా కొనుక్కోవచ్చు.

మీరు ఎక్కడ ట్రయల్ చేశారో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!