పేరు ఒకరిది, కొట్టు ఇంకొకరిది

ఒకే పేరుగల కొట్లు ఊరూరా కనిపిస్తే, వాటన్నిటికీ యజమాని ఒకడే అనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు. పేరూ, పద్ధతీ ఒకరివి. కొట్టూ, దానికి పెట్టిన డబ్బూ ఇంకొకరివి. ఈ ఏర్పాటును ఫ్రాంచైజీ అంటారు.

దీనికి దారి తీసినవాళ్ళలో ఒక పనిమనిషి కూడా ఉన్నది. మార్తా మటిల్డా హార్పర్ 1857లో కెనడాలో పుట్టింది. ఏడో ఏటనే తండ్రి ఆమెను ఇతరుల ఇంట పనికి పెట్టాడు. దాదాపు పాతికేళ్ళు ఇళ్ళలో పని చేసి, 360 డాలర్లు కూడబెట్టి, 1888లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో ఆడవాళ్ళ తలకట్టుకు సంరక్షణ చేసే కొట్టు తెరిచింది. ఆ రోజుల్లో గొప్పింటి స్త్రీలు అలాటి పనులు ఇంట్లోనే చేయించుకునేవారు. కొట్టుకు రావటం నామోషీ. పక్కగదిలో ఒక సంగీతం మేష్టరు ఉండేవాడు. పిల్లలను తీసుకువచ్చిన తల్లులకు అక్కడ కూర్చునే చోటు లేదు. హార్పర్ వాళ్ళను తన కొట్లో కూర్చోనిచ్చింది. ఆమె జుట్టు నేలను తాకేటంత పొడుగు. అంతకంటె వేరే ప్రకటన ఎందుకు?

త్వరలోనే ఇతర నగరాలవాళ్ళు కూడా ఆమెను రమ్మన్నారు. ఒక్క మనిషి అన్నిచోట్లా ఎలా ఉంటుంది? అందుకని 1891 నుంచి ఇతర స్త్రీలకు పని నేర్పి, తన పేరుతో కొట్లు పెట్టుకోనిచ్చింది. కుర్చీలూ, తైలాలూ ఆమె వద్దనే కొనాలి, ఆమె పద్ధతి తప్పరాదు. కొట్టు మాత్రం వాళ్ళ సొంతం. మొదటి కొట్లను తనలాటి పేద స్త్రీలకే ఇచ్చింది. క్రమంగా అవి సుమారు 500 అయాయి.

కోకాకోలా సంగతి వేరు. 1899లో ఇద్దరు లాయర్లు కంపెనీ యజమాని ఏసా కాండ్లర్ వద్దకు వెళ్ళి, ఆ పానీయాన్ని సీసాలలో అమ్మే హక్కు అడిగారు. గ్లాసుల్లో అమ్మకం బాగానే సాగుతున్నది. సీసాల మీద కాండ్లర్‌కు నమ్మకం లేదు. దాదాపు దేశమంతటికీ ఆ హక్కును ఒక్క డాలరుకు ఇచ్చేశాడు. ఆ డాలరు కూడా వసూలు చేసుకోలేదంటారు! లాయర్లు దేశాన్ని ముక్కలు చేసి, ఊరూరా సీసాలు నింపేవాళ్ళకు హక్కు పంచారు. పాకం కంపెనీది, నీళ్ళూ, సీసాలూ, బళ్ళూ ఆ ఊరివాళ్ళవి.

కార్ల డీలర్లది మరో రకం. అక్కడ సరుకు కంపెనీది, వ్యాపారం నడిపే తీరు చాలావరకు డీలరుది.

అన్నీ కంపెనీ చెప్పినట్టే జరగాలనే రకానికి పేరు పడ్డది మెక్‌డొనాల్డ్స్. రే క్రాక్ అనేవాడు మిల్క్‌షేక్ యంత్రాలు అమ్మేవాడు. కాలిఫోర్నియాలో ఇద్దరు అన్నదమ్ములు ఒక్క చిన్న హోటల్లో అలాటివి ఎనిమిది వాడుతున్నారని తెలిసి, 1954లో చూడబోయాడు. వాళ్ళ పేరుతో ఇతరుల చేత హోటళ్ళు పెట్టించటానికి ఒప్పందం చేసుకున్నాడు. హోటలువాళ్ళు తమ అమ్మకంలో నూటికి 1.9 వంతు ఇవ్వాలి, అందులో 0.5 వంతు అన్నదమ్ములకు చేరుతుంది.

1961లో క్రాక్ 27 లక్షల డాలర్లిచ్చి ఆ పేరు కొనేశాడు. అన్నదమ్ములు తమ మొదటి హోటలు అట్టే పెట్టుకున్నారు గాని, దాని మీద తమ ఇంటిపేరు రాసుకునే హక్కు వాళ్ళకు లేకపోయింది. బోర్డు మార్చి "బిగ్ ఎం" అని పెట్టుకున్నారు. క్రాక్ దానికి దగ్గరలోనే ఒక మెక్‌డొనాల్డ్స్ తెరిచాడు. కొన్నేళ్ళకు అన్నదమ్ముల హోటలు మూతపడింది.